ఇటుక బట్టీల్లో టీకాలు, వాట్సాప్ గ్రూపులు: మా అనుభవం

తెలంగాణలో ఇటుక బట్టీల సీజను నవంబరు, డిసెంబరుల్లో మొదలై మే చివరికో, జూన్ తొలి వానలకో ముగుస్తుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడ, కలహండి జిల్లాల నుంచి సర్దార్లు (కూలీలను కుదిర్చే మేస్త్రీలు) అడ్వాన్సు ఇచ్చి తీసుకొచ్చే కుటుంబాలు సంగారెడ్డి, పెద్దపల్లి, యాదాద్రి భువనగిరి వంటి జిల్లాల బట్టీల దగ్గర ఆ ఆరు నెలలూ గుడిసెలు వేసుకుని ఉంటాయి. మొదటి తొమ్మిది నెలల్లో బిడ్డకు పడాల్సిన టీకాల్లో చాలా భాగం ఈ కాలంలోకే వచ్చి పడుతుంది. సొంత ఊళ్లో ఉంటే ఆశా కార్యకర్త గడపలోకి వచ్చి పిలుస్తుంది. బట్టీ ఊరికి రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉంటుంది, అక్కడివాళ్ల భాష వేరు, ఏ ఊరి రిజిస్టరులోనూ వాళ్ల పేర్లు ఉండవు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 12 నుంచి 23 నెలల పిల్లల్లో అన్ని ప్రాథమిక టీకాలూ పడినవాళ్లు తెలంగాణలో 79.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 73 శాతం. ఆ మిగిలిన పిల్లల్ని వెతకాల్సిన చోట్లలో బట్టీ ఒకటి. టీకాలు వేసే ప్రభుత్వ నర్సులైన ఏఎన్ఎంలతో, ఆశాలతో కలిసి బట్టీల్లో వాట్సాప్ గ్రూపులు నడిపిన పద్ధతిని, అందులో ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో ఇక్కడ రాస్తున్నాం. ఇదే పద్ధతి తండాలకూ, నిర్మాణ పనుల దగ్గరి లేబర్ క్యాంపులకూ, నగరంలోని బస్తీలకూ కొద్ది మార్పులతో సరిపోతుంది.

మొదటి పని గ్రూపు కాదు, జాబితా. పల్స్ పోలియో కోసం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోనూ హై రిస్క్ ఏరియాల పట్టిక ఒకటి ఉంటుంది. బట్టీలు, సంచార కుటుంబాలు, నిర్మాణ స్థలాలు అందులోకే వస్తాయి. దాన్ని తీసుకుని బట్టీ బట్టీకీ వెళ్లి సరిచూసుకోవాలి. పోయిన ఏడాది ఉన్న బట్టీ ఈ ఏడాది మూతపడి ఉండొచ్చు, దాని పక్కనే కొత్తది లేచి ఉండొచ్చు. వెళ్లిన చోట ఫోన్‌లో లొకేషన్ పిన్ తీసి పెట్టుకోవాలి. చిరునామా లేని చోటికి ఏఎన్ఎం మళ్లీ రావాలంటే ఆ పిన్నే దారి. తర్వాత గుడిసె గుడిసెకూ తిరిగి గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు ఎవరెవరున్నారో రాయాలి. పిల్లల వయసు అడిగితే తేదీ చెప్పలేని తల్లులు పండుగ గుర్తు చెబుతారు. వాళ్ల కొత్త పంట పండుగ నువాఖాయి ముందు పుట్టాడా, తర్వాతా అని అడిగితే నెల దొరుకుతుంది. టీకాల కార్డు ఉంటే అక్కడే ఫొటో తీసుకోవాలి. వాన వస్తే గుడిసెలో మొదట తడిసేది ఆ కార్డే.

ఈ జాబితాలో, టీకా పడాల్సిన పిల్లల పేర్లుండే మామూలు డ్యూ లిస్టుకు లేని గడి ఒకటి మేము అదనంగా పెడతాం: ఫోను. బిడ్డ పేరు ఎదురుగా ఒక నంబరు రాసేస్తే పని అయిపోయినట్టు కాదు. ఆ ఫోను ఎవరిది? స్మార్ట్‌ఫోనా, బటన్ల ఫోనా? పగలు ఎవరి దగ్గర ఉంటుంది? డేటా రీఛార్జి ఎన్ని రోజులకు ఒకసారి వేస్తారు? ఇది తెలంగాణ సిమ్మా, ఊరి సిమ్మా? ఇంతా ఎందుకంటే, పైన చెప్పిన సర్వేలోనే తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 26.5 శాతం, మగవాళ్లు 57.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 21 శాతమే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ బట్టీలో స్మార్ట్‌ఫోను ఇప్పటికీ ఎక్కువగా కుర్రవాళ్ల జేబులోనే ఉంటుంది. బిడ్డను ఎత్తుకుని టీకాకు రావాల్సింది తల్లి, సందేశం అందుకునేది తండ్రో, మరిదో. వాడు పాటలు వింటూ ఆ సందేశాన్ని దాటేస్తే తల్లికి కబురే చేరదు.

ఈ గడి నిండాక కుటుంబాలు నాలుగు రకాలుగా తేలతాయి. తల్లి చేతిలోనే స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లు కొందరే. ఇంట్లో మగవాళ్ల దగ్గర ఉన్నవాళ్లు ఎక్కువ. బటన్ల ఫోను మాత్రమే ఉన్నవాళ్లు ఇంకొందరు. ఏ ఫోనూ లేనివాళ్లు చివర. పనంతా ఈ నాలుగో రకం కోసమే. గ్రూపు పెట్టగానే మొదటి రకం తల్లులు చకచకా వచ్చి టీకాలు వేయించుకుంటారు. అంకెలు బాగా కనిపిస్తాయి, అందరికీ ఉత్సాహం వస్తుంది. కానీ వాళ్లు గ్రూపు లేకపోయినా వచ్చేవాళ్లే. కాబట్టి మూడో, నాలుగో రకం కుటుంబాల్లో ఒక్కోదానికి పక్క గుడిసెలోని ఒక ఫోనును ముడిపెట్టాలి. జాబితాలో "వార్త చెప్పేవారు" అని ఒక పేరు రాయాలి. ఆ పేరును మేము నిర్ణయించకూడదు. "నీకు ఎవరు చెబితే నమ్మకం?" అని తల్లినే అడగాలి. ఒకే సర్దార్ కింద వచ్చినవాళ్ల మధ్య కూడా మాటల్లేని ఇళ్లు ఉంటాయి. పై నుంచి ముడిపెడితే వార్త అక్కడే ఆగిపోతుంది.

గ్రూపు విషయానికొస్తే, వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1,024 మందిదాకా పడతారు. అంతమందిని చేర్చాలన్న ఆశ అస్సలు పెట్టుకోవద్దు. బట్టీకో గ్రూపు, ఇరవై ముప్పై ఫోన్లు చాలు. మండలంలోని బట్టీలన్నింటికీ ఒకే గ్రూపు పెడితే ఒక బట్టీ టీకా సెషన్ సమయం ఇంకో బట్టీవాళ్లు తమదనుకుని బయల్దేరతారు. పైగా ముక్కూ ముఖం తెలియనివాళ్ల మధ్య ఏ తల్లీ ప్రశ్న అడగదు. అడ్మిన్లుగా ఆ ప్రాంతపు ఆశా ఒకరు, కూలీల్లోంచి ఒకరు ఉండాలి. యజమానినీ, లెక్కలు చూసే ముంషీనీ ఈ గ్రూపులో చేర్చకూడదు. వాళ్లుంటే కూలీలు నోరు విప్పరు. బిడ్డకు జ్వరమొచ్చి రేపు పనిలోకి రాలేనని తల్లి ఎలా చెబుతుంది? అయితే యజమాని సహకారం లేకుండా సెషన్ జరగదు గనుక ఆయనతో విడిగా, ముఖాముఖి మాట్లాడి చోటు, సమయం ఖాయం చేసుకోవాలి.

ఆడవాళ్ల నంబర్లు గ్రూపులో అందరికీ కనబడతాయన్నది చిన్న విషయం కాదు. అర్ధరాత్రి పూట తెలియని కాల్స్ రావడం మొదలైతే భర్త ఆమె ఫోన్ లాక్కుంటాడు, ఆమె గ్రూపులోంచి వెళ్లిపోతుంది. అందుకే ఆడవాళ్లకు విడిగా బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టడం మేలు. ఆశా పంపిన సందేశం ఒక్కొక్కరికి విడిగా చేరుతుంది, ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. ఒక మెలిక ఉంది: ఆశా నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ అందుతుంది. ఒకటే టిక్కు పడి ఎంతకీ రెండోది రాకపోతే ఫోను ఆఫ్‌లో ఉందనో, డేటా లేదనో అనుకుని ఊరుకుంటాం. అసలు కారణం నంబరు సేవ్ కాకపోవడమే అయి ఉండొచ్చు. కాబట్టి జాబితా రాసే రోజునే తల్లి ఫోన్‌లో నంబరు సేవ్ చేయించి, అక్కడే ఒక సందేశం పంపి, చేరిందో లేదో చూసుకుని కదలాలి. చేర్చే ముందు అనుమతి అడగడం ఎలాగూ తప్పదు. పిల్లల ఫొటోలు, కార్డుల ఫొటోలు గ్రూపులో వద్దు. అవి ఆశాకు నేరుగా పంపాలి.

ఇక సందేశం. పోస్టర్లు, వీడియోలు బట్టీలో పెద్దగా పనికిరావు. డేటా పొదుపు కోసం ఆటో డౌన్‌లోడ్ ఆపేసుకున్న ఫోన్లలో బొమ్మ మసకగానే ఉండిపోతుంది, వీడియోను ఎవరూ తెరవరు. వాయిస్ మెసేజ్ అలా కాదు, ఆ సెట్టింగుతో సంబంధం లేకుండా తనంతట తానే దిగుతుంది. అర నిమిషం మాటకు డేటా కూడా నామమాత్రమే. చదవడం రానివాళ్లకూ అర్థమవుతుంది, పక్కన కూర్చున్న నలుగురూ వింటారు. కానీ ఏ భాషలో? బలంగీర్, నువాపడ వాళ్లు ఇళ్లలో మాట్లాడేది సంబల్‌పురి. ప్రభుత్వ ఒడియా ఆడియో వేస్తే అర్థమవుతుంది గానీ టీవీ వార్తలాగా విని వదిలేస్తారు. అదే మాట బట్టీలో పనిచేసే నడివయసు ఆవిడ తన యాసలో చెబితే ఆగి వింటారు. ఆమె చదువుకున్నది కాకపోయినా పరవాలేదు. ఏఎన్ఎం చెప్పిన విషయాన్ని ఆమె తిరిగి చెప్పాక, ఇంకెవరితోనైనా తెలుగులోకి చెప్పించుకుని తేదీ, సమయం, వయసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని పంపాలి.

ఒక సందేశంలో ఒకే సంగతి ఉండాలి. మేము వాడే మాటలు తెలుగులో రాస్తే ఇలా ఉంటాయి: "అక్కా, ఎల్లుండి బుధవారం పొద్దున పదకొండింటికి నర్సమ్మ మన బట్టీ ఆఫీసు పక్కన షెడ్డు కిందికి వస్తుంది. నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలు నిండిన పిల్లల్నీ, తొమ్మిది నెలలు దాటిన పిల్లల్నీ తీసుకురండి. కార్డు ఉంటే తెండి, పోయినా సరే రండి. డబ్బులేమీ అడగరు. మీ పక్క గుడిసెలో ఫోన్ లేని అక్క ఉంటే ఆమెకు మీరే చెప్పండి." ఇందులో టీకాల ప్రాధాన్యం గురించి ఒక్క మాటా లేదు. బట్టీ తల్లికి కావాల్సింది ఎప్పుడు, ఎక్కడ, నా బిడ్డకు వర్తిస్తుందా, కార్డు లేకపోతే తిడతారా అన్నవే. పదకొండు అనడానికీ కారణముంది. తెల్లవారకముందే మట్టి దగ్గరికి చేరి ఎండ ముదిరేసరికి పని ఆపుతారు. తొమ్మిదింటికి పెడితే చేతులు మట్టిలో ఉంటాయి, మధ్యాహ్నం రెండింటికైతే నిద్రలో ఉంటారు. సందేశం సెషన్‌కు రెండు రోజుల ముందు సాయంత్రం ఒకసారి, ఆ రోజు పొద్దున ఒకసారి పంపితే చాలు. వారానికోసారి ఖర్చులకు డబ్బులిచ్చే రోజు సాయంత్రం రీఛార్జులు వేసుకుంటారు గనుక ఆ రాత్రి పంపినవి ఎక్కువమందికి చేరతాయి.

అన్నింటికన్నా విలువైన సందేశం మాత్రం టీకా వేసిన రాత్రిది. ఆరు వారాల బిడ్డకు ఒకే రోజు మూడు సూదులు పడతాయి: ఎడమ తొడకు ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్ (పెంటా), కుడి తొడకు న్యుమోనియా రాకుండా పీసీవీ, కుడి భుజానికి చర్మంలోకి పోలియో. వీటికి తోడు నోట్లో పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా రోటా మందు. ఆ రాత్రి బిడ్డ ఒళ్లు వెచ్చబడుతుంది, తొడ గట్టిపడుతుంది, పాలు సరిగ్గా తాగదు, ఏడుస్తూనే ఉంటుంది. తల్లి తెల్లవారుజామునే లేచి పనికి పోవాలి. చుట్టుపక్కల గుడిసెలవాళ్లు నిద్రలేచి "ఎందుకు వేయించావ్" అంటారు. రెండో డోసు తప్పిపోయేది సరిగ్గా ఆ గుడిసెలో, ఆ గంటలోనే. అప్పటికి నర్సమ్మ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

అందుకని రాత్రి ఎనిమిదింటికల్లా ఒక వాయిస్ మెసేజ్ వెళ్లాలి: ఒకటి రెండు రోజులు జ్వరం, వాపు మామూలే, నర్సమ్మ ఇచ్చిన మందు ఆమె చెప్పిన కొలతకే వెయ్యండి, పాలు ఇస్తూనే ఉండండి, సూది వేసిన చోట రుద్దకండి, పసుపు, ఆకు పసరు పూయకండి. ఆ తర్వాత ప్రమాద సూచనలు: మూడు గంటలకు మించి ఆగని ఏడుపు, ఫిట్స్, ఊపిరి కష్టం, బిడ్డ స్పృహలో లేకుండా వాలిపోవడం, ఒళ్లు కాలిపోయేంత జ్వరం. వీటిలో ఏది కనిపించినా వాట్సాప్‌లో రాస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి అని స్పష్టంగా చెప్పాలి. పారాసిటమాల్ ఎన్ని చుక్కలో గ్రూపులో చెప్పకూడదు. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది, సీసా సీసాకీ గాఢత మారుతుంది. మర్నాడు పొద్దున, మూడో రోజు ఆశా ఆ తల్లులకు విడివిడిగా ఫోన్ చేస్తుంది. ఫోన్ లేని ఇంటి సంగతి పక్కింటి ద్వారా తెలుసుకుంటుంది. ఈ మూడు రోజులు గట్టిగా పట్టుకుంటే రెండో డోసుకు పిలవడం తేలిక.

క్షయ రాకుండా వేసే బీసీజీ దీనికి పూర్తిగా భిన్నం. ఆ రోజు ఏమీ కాదు. మూడు నాలుగు వారాల తర్వాత ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేచి, చీము పట్టి, మానుతుంది. అప్పటికి టీకా సంగతే గుర్తుండదు, దాన్ని పుండనుకుని కట్టు కడతారు. బీసీజీ వేసిన పిల్లల తల్లులకు మూడో వారంలో గుర్తు చేసే సందేశం పంపేలా ముందే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి.

గ్రూపు వల్ల తల్లులకు ఎంత లాభమో ఏఎన్ఎంకూ అంతే. బీసీజీ సీసాలో పది డోసులుంటాయి. కలిపాక నాలుగు గంటల్లో వాడకపోతే పారేయాలి. తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకాకూ అదే నాలుగు గంటల గడువు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నది నిబంధన. అయినా వృథా లెక్క చెప్పుకోవాల్సి వస్తుందేమోనని కొన్నిచోట్ల "వచ్చే బుధవారం రా" అంటారు. కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లికి ఆ మాట చాలు, మళ్లీ రాదు. సెషన్‌కు రెండు రోజుల ముందే ఏ టీకాకు ఎంతమంది అన్నది గ్రూపుల ద్వారా లెక్క తేలితే దగ్గర దగ్గర బట్టీల పిల్లలను ఒకే పూట కూడగట్టవచ్చు, సీసాలూ అందుకు తగ్గట్టు తెచ్చుకోవచ్చు. బుధ, శనివారాల మామూలు సెషన్లకు ఊళ్లోకి రమ్మనడం కన్నా నెలకోసారి టీకానే బట్టీకి తీసుకెళ్లేలా పీహెచ్‌సీ సెషన్ల ప్రణాళిక (మైక్రోప్లాన్)లో చేర్పించడం ముఖ్యం. టీకా దగ్గరికి రాని చోట ఎన్ని సందేశాలు పంపినా అవి తల్లి మీద మోపిన భారమే.

పుకార్ల సంగతి. 2017లో ఎంఆర్ టీకా కార్యక్రమం మొదటి విడతలో తమిళనాడులో వాట్సాప్ ద్వారా పాకిన పుకార్లతో చాలా స్కూళ్లలో తల్లిదండ్రులు వెనక్కి తగ్గారు. ఆ ఆగస్టులో తెలుగు రాష్ట్రాల వంతు వచ్చేసరికి ఆ పుకార్లు ఇక్కడికీ పాకాయి. ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ కట్టడి పెట్టింది. అయినా ఊరి గ్రూపులో వచ్చింది బట్టీ గ్రూపులోకి రావడానికి ఒక్క చెయ్యి చాలు. వచ్చినప్పుడు చేయకూడనిది ఏమిటంటే, ఆ సందేశాన్నే ఎర్ర గీత కొట్టి తిరిగి పోస్టు చేయడం. చూడనివాళ్లు కూడా చూస్తారు, గీతను వదిలి బొమ్మను గుర్తుంచుకుంటారు. పంపినవాణ్ని గ్రూపులోంచి తీసేయడం కూడా తప్పే, వాడు బయట ఇంకా గట్టిగా చెబుతాడు. అతనికి విడిగా ఫోన్ చేసి ఏం భయమో అడగాలి. చాలాసార్లు దాని వెనక నిజంగా జరిగిన ఏదో సంఘటన ఉంటుంది: పక్క బట్టీలో టీకా తర్వాత జ్వరమొచ్చిన బిడ్డ, ఊళ్లో చనిపోయిన బంధువుల పసివాడు. ఆ సంగతికి సమాధానం చెప్పాలి, అదీ కొద్ది గంటల్లోపు, తెలిసిన గొంతుతో. తెలియకపోతే "డాక్టరును అడిగి సాయంత్రం చెబుతాను" అని చెప్పి, సాయంత్రం కచ్చితంగా చెప్పాలి.

గ్రూపులో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ముందే రికార్డు చేసి పెట్టుకుంటే మంచిది. జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా టీకా వేయించవచ్చు. డోసు తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచే వేస్తారు. బీసీజీ ఏడాది లోపు వేస్తారు. పెంటా, రోటా, పీసీవీ మొదటి డోసు కూడా ఏడాది లోపు మొదలుపెడితే మిగిలినవి పూర్తి చేస్తారు. ఎంఆర్ ఐదేళ్ల దాకా వేస్తారు. ఒడిశా కార్డు ఇక్కడ చెల్లుతుంది, ఇక్కడి కార్డు అక్కడా చెల్లుతుంది.

ఫోన్ నంబరు దగ్గర ఇంకో పెద్ద చిక్కు ఉంది. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవాళ్లకు కోవిడ్ టీకా ఆన్‌లైన్‌లో ముందే నమోదు చేసుకున్నవాళ్లకే అన్నప్పుడు, కోవిన్ పోర్టల్ ఇంకా తెలుగులో లేదు. సిటీ నుంచి కార్లలో వచ్చినవాళ్లు పల్లె పీహెచ్‌సీల్లో స్లాట్లు తీసుకున్నారు, ఆ పల్లెవాళ్లకు దొరకలేదు. ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వెళ్లి నమోదు చేసుకునే వీలు మే 24న గానీ రాలేదు. ఇప్పుడు పిల్లల టీకాలకు యూ-విన్ అనే ఆన్‌లైన్ నమోదు ఏర్పాటు ఉంది. ఒకచోట వేసిన డోసు దేశంలో ఇంకెక్కడైనా కనబడుతుంది, తర్వాతి డోసుకు మెసేజ్ వస్తుంది. వలస కుటుంబాలకు ఇది నిజంగా మేలు చేసే ఏర్పాటే. అయితే అదంతా నమోదైన నంబరు మీదే ఆధారపడి ఉంటుంది. బట్టీకి రాగానే కొన్న తెలంగాణ సిమ్ము జూన్‌లో ఊరికెళ్లాక ఆగిపోతుంది. హడావిడిలో ఆశా తన నంబరే వేసేస్తే, ఓటీపీలూ గుర్తుచేసే మెసేజ్‌లూ బలంగీర్‌లోని తల్లికి కాకుండా సంగారెడ్డిలోని ఆశాకు వస్తాయి. ఊరి సిమ్ము, లేదా ఊళ్లోనే ఉండే అత్తమామల నంబరు వేయించాలి.

ఎలా నడుస్తోందో కొలవడానికి బ్లూ టిక్కులు, బొటనవేలు గుర్తులు లెక్కపెట్టి లాభం లేదు. పెంటా మొదటి డోసు పడినవాళ్లలో మూడో డోసు దాకా రానివాళ్లు ఎంత శాతమో తీయాలి. పది శాతం దాటితే ఎక్కడో గండి ఉన్నట్టే. ఈ లెక్కను ఫోనున్న కుటుంబాలకూ లేని కుటుంబాలకూ విడివిడిగా వేయాలి. రెండింటి మధ్య తేడా నెలనెలా పెరుగుతుంటే గ్రూపు ఉన్నవాళ్లకే మేలు చేస్తోంది, మొత్తం అంకె ఎంత బాగున్నా సరే. అలాంటప్పుడు కొత్త సందేశాలు తయారు చేయడం ఆపి, "వార్త చెప్పేవారు" గడిలోని పేర్లను మళ్లీ సరిచూడాలి. ఆ మనిషి వేరే బట్టీకి మారి ఉంటుంది, లేదా రీఛార్జి అయిపోయి ఉంటుంది. ఒక్క పెంటా డోసూ పడని పిల్లల పేర్లు మాత్రం గ్రూపుకు వదలకూడదు. ఆశా ఆ గుడిసెలకు స్వయంగా వెళ్లాలి.

మే మొదటి వారానికల్లా తిరుగు ప్రయాణం లెక్క మొదలవుతుంది. ఏ కుటుంబం ఏ బ్లాకుకు, ఏ ఊరికి వెళ్తోంది, బిడ్డకు తర్వాతి డోసు ఎప్పుడు అన్నది జాబితాలో రాసి, ఊళ్లోని ఆశా నంబరు తల్లి ఫోన్‌లో సేవ్ చేయిస్తాం. కార్డు రెండు వైపులా ఫొటో తీసి తల్లికీ, ఊళ్లోని మనిషికీ పంపుతాం, అసలు కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇస్తాం. గ్రూపును మూసేయం. జూన్, జులైలలో తర్వాతి డోసు తేదీలు అందులోనే వెళ్తాయి, డోసు పడిందో లేదో వాయిస్‌లో చెప్పమని అడుగుతాం. నువాఖాయి తర్వాత అడ్వాన్సులు మొదలయ్యేసరికి ఈసారి ఎవరు ఏ బట్టీకి వస్తున్నారో ఆ గ్రూపులోనే తెలుస్తుంది, నవంబరు జాబితాకు మొదటి పేర్లు అక్కడి నుంచే రాసుకుంటాం.